లైఫ్ ట్యాక్స్ కట్టాం, ఇక ఆ లైఫ్ ఎంతో చెప్పండి

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. ములుగు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈ లేఖలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు, కాబట్టి కింది ఆఫీసుకు పంపి రిపోర్టు తెప్పించుకోవలసిన పని కూడా లేదు. మీ శాఖ దగ్గరున్న ఒక లెక్క అడుగుదామని రాస్తున్నాను.

పోయిన నెల మా తెలుగు సార్ కారుకు పదిహేనేళ్లు నిండాయి. ఏపీ 36 నంబర్ బండి. రెన్యువల్ కోసం ఆయన ఆర్టీఏ ఆఫీసుకు బయల్దేరితే, సెలవు రోజే కదా అని నేనూ వెంట పోయాను. అక్కడి అధికారి బానెట్ ఎత్తించారు, చాసిస్ నంబర్ సరిచూశారు, లైట్లు వేయించారు, బ్రేకు తొక్కించారు. మీటరు మీద లక్షా ముప్పై ఎనిమిది వేలు చూసి, "ఇంక గట్టిగనే ఉంది సార్ బండి" అన్నారు. ఐదేళ్లు పొడిగించారు. ఫీజు కట్టాం, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టాం, బయట చెట్టు కింద చాయ్ తాగాం. తెలుగు సార్ మొహం చూడాలి ఆ రోజు. కొడుకు పదో తరగతిలో ఫస్టు వచ్చినా అంత సంబరపడి ఉండరు.

నాకు మాత్రం వేరే ఆలోచన పట్టుకుంది. "గట్టిగనే ఉంది" అన్న ఆ మాట ఏ రికార్డులోకి ఎక్కింది? ఆ రోజు ఆ ఆఫీసుకు అలాంటి పాత కార్లు ఇంకెన్ని వచ్చాయి? ఈ కారుతో పాటు అదే ఏడాది అదే మోడల్ కార్లు ఉమ్మడి వరంగల్ జిల్లాలో కొన్ని వందలు రిజిస్టర్ అయి ఉంటాయి కదా, వాటిలో ఎన్ని ఇక్కడిదాకా వచ్చాయి, ఎన్ని మధ్యలోనే తుక్కుకు పోయాయి? కొత్త కారు కొనేవాడికి ఇంతకన్నా పనికొచ్చే సమాచారం ఇంకేముంటుంది?

ఈ ఆలోచన నాకు ఊరికే రాలేదు. మా బళ్లో హనుమకొండ నుంచి పోయేవాళ్లం నలుగురం. తెలుగు సార్, పీఈటీ సార్, హిందీ మేడం, నేను. 2016 నుంచి ఒకటే పద్ధతి. వారానికి ఒకరి కారు. ఆ వారం పెట్రోలో డీజిలో వాళ్లదే, రిపేర్లు ఎవరివి వాళ్లవే. పొద్దున్నే ములుగు రోడ్డు జంక్షన్ దగ్గర కలిసి ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి మీదుగా పోతాం. పోను రాను వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. మొదటి ఏడాదే చిన్న గొడవ వచ్చింది. "నాది పెద్ద బండి, నాకే ఎక్కువ పడుతాంది" అని పీఈటీ సార్. "లెక్కల టీచర్‌ను పక్కన పెట్టుకొని నోటి లెక్కలేంది సార్" అని తెలుగు సార్. దాంతో నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. అప్పటి నుంచి నాలుగు కార్లకూ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం పాడైంది, ఎంత అయింది, బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంది అన్నీ రాస్తూ వచ్చాను. కరోనాకు బడులు మూసిన నెలల్లో కూడా రాశాను. ఆ నెలల్లో మూడు బ్యాటరీలు పోయాయి, నిలబడి ఉన్న బండికీ ఖర్చుంటుందని అప్పుడు తెలిసింది.

నాలుగు కార్లూ నాలుగు కంపెనీలవి. పేర్లు మాత్రం రాయను. రాస్తే చదివేవాళ్లు కంపెనీ పేర్ల మీద కొట్లాటకు దిగుతారు, నేను అడిగేది పక్కకు పోతుంది. ఈ కొట్లాట ఎలా ఉంటుందో తొమ్మిదేళ్లుగా కారులో వెనక సీట్లో కూర్చొని వింటున్నదాన్ని.

తెలుగు సార్ కారు చిన్న పెట్రోలు బండి. గేర్లు చేత్తో వేసేదే. వెనక అద్దాలు ఇప్పటికీ హ్యాండిల్ తిప్పితేనే దిగుతాయి. నోట్‌బుక్‌లో ఆయన పేజీలు బోసిగా ఉంటాయి: టైర్లు, బ్యాటరీలు, ఒకసారి క్లచ్ సెట్టు, ఒకసారి షాక్ అబ్జార్బర్లు, తుప్పు పట్టి ఊడిన సైలెన్సర్, ఎండాకాలం రాగానే ఏసీ గ్యాస్. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టలేదు.

హిందీ మేడం ఆటోమేటిక్ కొన్నారు. హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు నొప్పి అని. బండి హాయిగానే ఉండేది, మేమందరం ఆమె వారం కోసం ఎదురుచూసేవాళ్లం. వారంటీ అయిపోయిన ఏడో నెల, మల్లంపల్లి దాటాక, గేరు పడలేదు. మీటర్ల మధ్య ఒక పసుపు బొమ్మ వెలిగింది. పీఈటీ సార్ దిగి తోద్దాం అన్నారు. అరకిలోమీటరు తోశాక, ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్ట్ కాదని ఎవరో లారీ డ్రైవర్ చెప్పి పోయాడు. బిల్లు 46 వేలు అయింది. డబ్బు కన్నా ఆమెను బాధపెట్టింది సర్వీస్ సెంటర్‌లో అన్న మాట: "ఈ మోడల్‌కు ఇది మామూలే మేడం."

కమిషనర్ గారూ, ఈ 'మామూలే' దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒకటి మామూలు అనాలంటే ఎవరో ఎక్కడో లెక్కపెట్టి ఉండాలి. వందలో ఎన్నింటికి వస్తే మామూలు? ఎన్ని కిలోమీటర్ల దగ్గర వస్తుంది? ఆ సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో ఆ సంఖ్య ఉంటుంది. కంపెనీ హెడ్డాఫీసులో ఇంకా నికరంగా ఉంటుంది. తెలియనిది డబ్బు కట్టిన మనిషికే. మా చౌరస్తాలో కూరగాయలమ్మే ఆమె కూడా "వంకాయలు నిన్నటివి బిడ్డా, ఇయ్యాలనే వండుకో" అని చెప్పి అమ్ముతుంది.

పీఈటీ సార్ది డీజిల్ ఎస్‌యూవీ. ఆయన దృష్టిలో భూమ్మీద దానంత గట్టి బండి లేదు. "ఇంజన్‌కు ఇప్పటిదాక చెయ్యి పెట్టనియ్యలే" అంటారు, అది నిజమే. నోట్‌బుక్‌లో చూస్తే మాత్రం రెండుసార్లు క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ బుష్‌లు లెక్కలేనన్ని సార్లు, బాల్ జాయింట్లు, ఒకసారి ఇంజెక్టర్లు. ఇవన్నీ చూపిస్తే, "అవి రిపేర్లు కావు మేడం, మెయింటెనెన్స్" అన్నారు. నేను వాదించలేదు, కానీ అప్పుడొకటి అర్థమైంది. ఏ ఓనర్‌ను అడిగినా "నా బండి సతాయించలేదు" అంటాడు. సతాయించడం అంటే ఏమిటో మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో అర్థం. ఒకరికి రోడ్డు మీద ఆగిపోతేనే సతాయింపు, ఇంకొకరికి డోరు కిర్రుమన్నా సతాయింపే. లక్షలు పోసి, కిస్తీలు కట్టుకుంటూ కొన్న వస్తువు కాబట్టి తాను తప్పు చేశానని ఒప్పుకోవడానికి మనసు రాదు. నేనూ అంతే.

నా కారు సంగతీ చెప్పాలి. అది నడిచినంత కాలం మహారాణిలా నడిచింది. స్టీరింగ్ ఎంత నికరంగా ఉండేదంటే పీఈటీ సార్ కూడా మెచ్చుకునేవారు. కొన్నాళ్లకు ఆ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం మానేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత బండికి పెద్ద రోగమేమీ రాలేదు, కానీ ఒక చిన్న సెన్సార్ కోసం ఐదు వారాలు షెడ్డులో ఉంది. హైదరాబాద్‌లో లేదన్నారు, పుణె నుంచి వస్తుందన్నారు, చివరికి మా మెకానిక్ ఎక్కడో తుక్కు దుకాణంలో వెతికి తెచ్చాడు. ఆ ఐదు వారాల్లో నా వంతు వచ్చినప్పుడల్లా తెలుగు సార్ బండే నడిచింది. బండి గట్టిదే, దాని వెనక నిలబడే మనిషి లేడు. దీన్ని ఏ ఖాతాలో రాయాలో తెలియక ఆ పేజీలో 'ఇతరములు' అని రాశాను.

ఇదేమీ నా ఒక్కదాని కథ కాదు. జనరల్ మోటార్స్ 2017 చివరలో మన దేశంలో షెవ్రొలే అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో మూట సర్దుకుంది, ఫియట్ అంతకు ముందే. ఆ బండ్లలో చాలా వరకు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి.

ఇప్పుడు లెక్కల టీచర్‌గా మాట్లాడతాను. నా నోట్‌బుక్‌లో ఉన్నవి నాలుగు కార్లు. నాలుగింటిని చూసి కంపెనీల మీద తీర్పు చెప్తే నా తొమ్మిదో తరగతి పిల్లలే నవ్వుతారు. అసలు అది కారు గుణమో, నడిపే మనిషి గుణమో కూడా నేను చెప్పలేను. తెలుగు సార్ డెబ్బై దాటరు, గేరు మార్చాక కాలు క్లచ్ మీద పెట్టరు, పొద్దున స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు బండితో మాట్లాడుతున్నట్టు కూర్చుంటారు. పీఈటీ సార్ స్పీడ్ బ్రేకర్‌ను లాంగ్ జంప్ పోటీ అనుకుంటారు. ఇద్దరూ బండ్లు మార్చుకొని పదేళ్లు నడిపితే తప్ప నిజం తేలదు. ఒకసారి ఆ మాట అన్నాను కూడా. తెలుగు సార్ తాళంచెవి జేబులో ఇంకా లోపలికి తోసుకున్నారు.

బయట వినబడే పోలికలు కూడా ఇంతకన్నా బాగా ఉండవు. "ఎక్కడ చూసినా ఆ కంపెనీ కార్లే ఆగిపోయి ఉంటాయి" అంటారు. రోడ్డు మీద ఎక్కువగా తిరిగేవీ ఆ కంపెనీ కార్లే అని ఎవరూ అనరు. మన దేశంలో మారుతి ఒక్కటే మొత్తం కార్లలో నలభై శాతం దరిదాపుల్లో అమ్ముతుంది. వంద కార్లు ఆగితే అందులో నలభై దానివి ఉండటం వింతేమీ కాదు. మెకానిక్‌ను అడుగుదామంటే ఆయన దగ్గరికి వచ్చేవే పాడైన బండ్లు, పాడు కానివి ఆయన చూడనే చూడడు. డాక్టర్‌ను ఊళ్లో ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు. ఇక "మా తాత అంబాసిడర్ ఇంకా నడుస్తోంది" అనేవాళ్లు మా చుట్టాల్లోనూ ఉన్నారు. నడవని వేల అంబాసిడర్ల గురించి చెప్పడానికి మనవలెవరూ రారు.

ఇంకో చిక్కు ఉంది. మనం కంపెనీ పేరుతో పోలుస్తాం కానీ బానెట్ కింద ఉండేది వేరు. ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి. అది మారుతి స్విఫ్ట్‌లో ఉంది, డిజైర్‌లో ఉంది, టాటా ఇండికా విస్టాలో ఉంది, ఫియట్ సొంత పుంటోలో ఉంది. స్విఫ్ట్ నడిపినవాడు "మారుతి ఇంజన్ లక్షల కిలోమీటర్లు పోతుంది" అని పొగుడుతాడు, అదే మనిషి ఫియట్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. 2020లో బీఎస్ 6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ మానేసింది కాబట్టి ఆ ముచ్చట ముగిసింది, లేకపోతే ఇప్పటికీ వాదిస్తూ ఉండేవాళ్లం. ఇవాళ కూడా అంతే. టొయోటా గ్లాంజా, మారుతి బాలెనో ఒకటే కారు, ముందు బ్యాడ్జీ వేరు. హైరైడర్, గ్రాండ్ విటారా కూడా అన్నదమ్ములే. ఒకే కారుకు రెండు పేర్లు, రెండు గౌరవాలు. కంపెనీల పోటీ అంటూ చాయ్ హోటళ్లలో జరిగే సగం వాదన స్టిక్కర్ గురించే. అందుకని నాకు కంపెనీల ర్యాంకులు వద్దు. ఏ మోడల్, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ ఏడాది తయారీ అని విడివిడిగా కావాలి. ఆర్సీ మీద మోడల్, ఇంధనం, తయారైన నెల ఎలాగూ ఉంటాయి కదా.

వేరే దేశాల్లో ఇది ఎప్పటి నుంచో ఉంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన ప్రతి కారుకూ ఏటా ఎంఓటీ అనే పరీక్ష చేస్తారు. ఏ మోడల్, ఎన్ని మైళ్లు తిరిగింది, పాసా ఫెయిలా, ఫెయిలైతే ఎందుకు అనే వివరాలను ఓనరెవరో తెలియకుండా చేసి 2005 నుంచీ ఉన్నవన్నీ ప్రభుత్వమే బయట పెట్టింది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకొని లెక్కలు కట్టుకోవచ్చు. జర్మనీలో టీయూవీ అనే తనిఖీ సంస్థల వాళ్లు తాము చేసే తప్పనిసరి తనిఖీల నుంచి ఏటా ఒక రిపోర్టు వేస్తారు. మోడల్ వారీగా, వయసు వారీగా ఎన్ని శాతం కార్లలో పెద్ద లోపాలు కనబడ్డాయో అందులో ఉంటుంది. అక్కడే ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం, రోడ్డు మీద ఆగిపోయిన బండ్ల దగ్గరికి తమ మెకానిక్‌లు పోయినప్పుడు రాసుకున్న వివరాలతో 1978 నుంచి లెక్క ప్రకటిస్తోంది. నా నోట్‌బుక్ పని వాళ్లు దేశం మొత్తానికి చేస్తున్నారన్నమాట.

మరి ఆ లెక్కలే చూసుకొని కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కుదరదు. అక్కడ అమ్మే కార్లు వేరు, ఇక్కడ అమ్మేవి వేరు. ఒకటే అయినా ఎండ వేరు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతా దాదాపు పదహారు లక్షల కార్లను వెనక్కి పిలిచి ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట్ల అంతకు ముందు పోసిన సింథటిక్ ఆయిల్ వల్ల కరెంటు సరఫరాలో లోపం రావచ్చని కంపెనీయే చెప్పింది. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతీ అంతే. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ లోపలి రసాయనం పాడై, ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ఇనుప ముక్కలు చిమ్మే ప్రమాదం ఉందని తేలింది. జర్మనీ చలిలో పదేళ్లు కులాసాగా ఉండే బండి, మే నెలలో రామగుండం ఎండకు ఎన్నేళ్లు ఆగుతుందో జర్మనీ వాళ్లు చెప్పలేరు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ములో తిరిగే కారు ఎయిర్ ఫిల్టర్ తీసి చూపిస్తే వాళ్లు నమ్మరు కూడా. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారిలో ఫస్టు గేరులో గంటల తరబడి పాకే క్లచ్ పరిస్థితి ఏ యూరప్ రిపోర్టులో ఉంటుంది?

వరదల ముచ్చట వేరే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 65 సెంటీమీటర్ల దాకా వాన పడింది. మొన్న 2025 అక్టోబరు చివర తుపాను వానకు హనుమకొండ కాలనీలు మునిగాయి. మా పక్క వీధిలో నీళ్లలో నిలిచిన కారుకు కంగారులో సెల్ఫ్ కొట్టారు, ఇంజన్‌లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగాయి. దాన్ని కంపెనీ తప్పు అనలేం. అయినా ఆ ఓనర్ ఇప్పుడు ఆ కంపెనీ పేరెత్తితే చాలు లేస్తున్నాడు. ఇలాంటివి లెక్కలో కలిసిపోకుండా చూడాలంటే పెద్ద సంఖ్యలు కావాలి. నాలాంటి వాళ్ల నోట్‌బుక్‌లు వెయ్యి కలిపినా చాలవు.

మనకు అసలేమీ లేదని అనను. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు వచ్చాయి, గుద్దుకుంటే ఏమవుతుందో తెలుస్తోంది. సంతోషం. మైలేజీ అంకె బ్రోచర్‌లో ఉంటుంది, దాన్ని ఎంత నమ్మాలో అందరికీ తెలుసు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ కింద లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కానీ అది మనుషులకో పర్యావరణానికో హాని చేసే లోపాలకు, అదీ ఏడేళ్ల లోపు బండ్లకు. హిందీ మేడం గేర్‌బాక్స్ ఎవరినీ చంపలేదు, 46 వేలు మింగి ఊరుకుంది. కాబట్టి అది ఏ చట్టం లెక్కలోకీ రాదు. కంపెనీల వారంటీ చాలా వరకు మూడేళ్లు, లక్ష కిలోమీటర్లు. మేము నడుపుకునేది పది, పదిహేనేళ్లు. నాలుగో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా కారు బతుకు ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఉన్నారు, మీరే. అందుకే కేంద్ర మంత్రి గారికి కాకుండా మీకు రాస్తున్నాను. దేశమంతా వాహన్ డ్యాష్‌బోర్డు అనే కేంద్రం వారి రిజిస్ట్రేషన్ లెక్కల్లోకి వెళ్లినా మన రాష్ట్రం చాలా ఏళ్లు సొంత వ్యవస్థ నడుపుకుంది, దేశం అంకెల కింద 'తెలంగాణ మినహా' అని రాయాల్సి వచ్చేది. అంటే ఇన్నేళ్ల మన లెక్క మన చేతిలోనే ఉంది. కారు పుట్టిన రోజు మీ దగ్గర ఉంది. ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో మీ దగ్గర ఉంది. పసుపు నంబర్ ప్లేటు బండ్లయితే ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు మీ ముందుకే వస్తాయి. డిజైర్, ఎటియోస్, ఇన్నోవా, ఎర్టిగా లాంటివి సొంత కార్లుగానూ, ట్యాక్సీలుగానూ తిరుగుతాయి కాబట్టి ఆ తనిఖీల ఫలితాలు మాలాంటి వాళ్లకూ పనికొస్తాయి. సొంత కార్లు పదిహేనో ఏట ఒకసారి వస్తాయి, తెలుగు సార్ కారు వచ్చినట్టు.

అడిగేది ఒక్కటే. ఆ వివరాలను మోడల్ వారీగా, తయారైన ఏడాది వారీగా ఏటా ఒకసారి మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. 2010లో మన జిల్లాల్లో రిజిస్టరైన ఫలానా మోడల్ కార్లు వందైతే, 2025లో రెన్యువల్‌కు వచ్చినవి ఎన్ని? ఫిట్‌నెస్‌కు వచ్చిన ఫలానా ట్యాక్సీలలో మొదటిసారే పాసైనవి ఎన్ని, తిప్పి పంపినవి ఎన్ని, దేని వల్ల? ఓనర్ పేరు వద్దు, నంబర్ వద్దు, ఫోను వద్దు. తనిఖీ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు కూడా రాసుకుంటే మంచిది. అలా రాస్తే సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మీటర్లు వెనక్కి తిప్పేవాళ్లకు కొంచెం ఇబ్బంది అవుతుంది, అవ్వనివ్వండి.

ఈ లెక్కలో లొసుగులు ఉంటాయని నాకూ తెలుసు. రెన్యువల్ చేయించకుండా పల్లెల్లో తిరిగే బండ్లు ఉంటాయి. వేరే రాష్ట్రానికి అమ్ముడుపోయినవి ఉంటాయి. బాగా ఉన్న కారునే డబ్బున్నవాడు విసుగొచ్చి తుక్కుకు ఇచ్చి ఉండవచ్చు. కానీ ఈ లొసుగులు అన్ని కంపెనీలకూ కొంచెం అటూ ఇటూగా సమానంగానే ఉంటాయి. ఒక మోడల్ వందకు డెబ్బై వచ్చి, అదే ధరకు అమ్మే ఇంకొకటి వందకు ముప్పై వస్తే, ఆ తేడా లొసుగుల వల్లే అని ఏ కంపెనీ వాదించినా వినడానికి సరదాగా ఉంటుంది. కంపెనీలకు కోపం వస్తుందన్నది నిజమే, వస్తే రానీయండి. అమ్మేటప్పుడు అన్ని పేపర్లలో నిండు పేజీ ప్రకటనలు వేసుకునేవాళ్లకు పదిహేనేళ్ల తర్వాత ఒక చిన్న గడిలో నిజమైన అంకె పడితే నష్టమేముంది? మంచి బండి చేసినవాళ్లయితే దాన్నే ప్రకటనగా వేసుకుంటారు.

ఇంకో మాట, కొంచెం చిలిపి మాటే అనుకోండి. కొన్న రోజునే కారు ధరలో ఇంత శాతం అని మా దగ్గర లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటారు. ట్యాక్స్‌కు లైఫ్ అని పేరు పెట్టినప్పుడు, ఏ బండికి ఎంత లైఫ్ అని అడిగే హక్కు కట్టినవాళ్లకు కాస్తయినా ఉంటుంది కదా.

ఈ జూన్‌లో మా బడికి కొత్తగా ఒక సైన్స్ మేడం వచ్చింది. పెళ్లయి ఏడాది, భర్త కాజీపేటలో రైల్వే ఉద్యోగి. మొదటి కారు కొనాలని చూస్తున్నారు, బయానా కూడా ఇంకా ఇవ్వలేదు. "మేడం, మీరు అన్నీ రాసి పెట్టారంట కదా, ఏది కొనమంటారు?" అని అడిగింది. పీఈటీ సార్ తన కంపెనీ పేరు చెప్పారు, తెలుగు సార్ తనది చెప్పారు, హిందీ మేడం ఏదైనా కొనుగానీ గేర్లు చేత్తో వేసేదే కొనుక్కో అన్నారు. నేను నోట్‌బుక్ చేతికిచ్చాను. రెండు రోజులు ఇంటికి తీసుకుపోయి చదివి తిరిగి ఇస్తూ, "బాగుంది మేడం, కానీ ఇవి నాలుగే కదా" అంది. నా క్లాసులో చదివి ఉంటే మొదటి వరుసలో కూర్చోబెట్టేదాన్ని.

ఈ లేఖతో పాటు ఆ నోట్‌బుక్ మొత్తం జిరాక్స్ తీయించి మీ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఎలాంటి గడులు గీస్తే సరిపోతాయో మీవాళ్లకు నమూనాగా ఉంటుంది. 43వ పేజీలో చాయ్ ఒలికింది, ఆ నెల పీఈటీ సార్ బుష్‌ల లెక్క సరిగ్గా కనిపించదు. అవసరమైతే అడగండి, నాకు గుర్తుంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
హనుమకొండ